హోటళ్ల కొత్త పద్ధతులు: జనం మెచ్చేవేవి, విసుక్కునేవేవి, ఎందుకు

బయట తిని వచ్చినవాళ్ల మాటలు వినండి. కూరలో ఉప్పు ఎక్కువైందన్న ఫిర్యాదు కంటే ఇంకేవేవో ముందు వినిపిస్తాయి. అడక్కుండానే బిల్లులో సర్వీస్ ఛార్జ్ కలిపారు. మెనూ కోసం ఫోన్ తియ్యమన్నారు. పాటల హోరులో పక్క కుర్చీలో ఉన్న మనిషి మాట వినపడలేదు. కూర్చోగానే సీసా మూత తీసి గ్లాసుల్లో నీళ్లు పోసేశారు. ఇలా విసుక్కున్నవాళ్లే వంటగది అద్దంలోంచి కనపడితే సంతోషిస్తారు. మెనూలో రాగి సంకటి, నాటుకోడి పులుసు ఉన్నాయంటే ఊరి చివరికైనా వెళ్తారు. నిలబడి తినే నేతి ఇడ్లీ కోసం అరగంట వరసలో నిలుచుంటారు.

అంటే జనానికి కొత్తదనం మీద కోపం లేదు. కాస్త కష్టపడటానికీ అభ్యంతరం లేదు. నిలబడి తినే చోట వడ్డన ఉండదని అడుగు పెట్టగానే తెలుస్తుంది, బదులుగా పెనం మీంచి దిగిన దోశె వేడివేడిగా చేతికొస్తుంది. కోపం వచ్చేదల్లా హోటల్ తన ఖర్చునో, తన పనినో చెప్పకుండా తినేవాళ్ల మీదికి నెట్టి, బదులుగా ఏమీ ఇవ్వనప్పుడు. ఈ ఒక్క మాట దగ్గర పెట్టుకుని చూస్తే ఏ పద్ధతి ఎందుకు నిలబడుతుందో, ఏది ఎందుకు చిరాకు పుట్టిస్తుందో చాలావరకు తేలిపోతుంది.

బిల్లు దగ్గర చిక్కుముడి

ఎక్కువ గొడవ ఇక్కడే. పన్ను, సర్వీస్ ఛార్జ్, టిప్పు మూడూ వేరు వేరు. బిల్లు మీద మాత్రం ఒకదాని కింద ఒకటి వరసగా అచ్చవుతాయి కాబట్టి చాలామంది అన్నిటినీ ప్రభుత్వానికి పోయే డబ్బే అనుకుని కట్టేస్తారు.

ముందు పన్ను. మామూలు రెస్టారెంట్‌లో ఏసీ ఉన్నా లేకపోయినా జీఎస్టీ 5 శాతం. అందులో 2.5 కేంద్రానిది, 2.5 రాష్ట్రానిది. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు ఏసీ లేని చోట 12, ఏసీ ఉన్న చోట 18 శాతం ఉండేది. ఆ ఏడాది నవంబర్ 15 నుంచి రెండిటినీ 5కి దించారు. దానికి బదులుగా, హోటల్ తాను కట్టిన పన్నును లెక్కలో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ సదుపాయం తీసేశారు. దుకాణం అద్దె మీద పడే 18 శాతం జీఎస్టీ ఇప్పుడు యజమానికి తిరిగిరాని ఖర్చు. మాల్‌లో అదే దోశె ధర ఎక్కువగా ఉండటానికి అద్దెతో పాటు ఇదీ ఒక కారణం. రోజుకి రూ.7,500 దాటిన గదులున్న పెద్ద హోటళ్లలోని రెస్టారెంట్లకు మాత్రం 18 శాతమే. కాబట్టి స్టార్ హోటల్ బిల్లు మీద 18 కనపడితే మోసం అనుకోనక్కర్లేదు.

చిన్న హోటళ్ల విషయంలో చూడాల్సింది ఇంకొకటి. ఏడాది అమ్మకాలు రూ.1.5 కోట్ల లోపున్న హోటల్ కంపోజిషన్ పథకంలో చేరవచ్చు. అందులో చేరినవాళ్లు అమ్మకాల మీద 5 శాతం తమ జేబులోంచి కట్టాలి, తినేవాళ్ల దగ్గర విడిగా పన్ను వసూలు చెయ్యకూడదు. వాళ్లిచ్చే కాగితం మీద ట్యాక్స్ ఇన్వాయిస్ అని కాకుండా బిల్ ఆఫ్ సప్లై అని ఉంటుంది. జీఎస్టీ పేరుతో డబ్బు తీసుకున్నారంటే బిల్లు మీద 15 అక్షరాలు, అంకెలు కలిసిన నంబర్ ఉండి తీరాలి. తెలంగాణలో అది 36తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలవుతుంది. అనుమానం వస్తే ఆ నంబర్‌ను జీఎస్టీ పోర్టల్‌లో వెతికితే అది ఎవరి పేరున ఉందో, రద్దయిందో, కంపోజిషన్‌లో ఉందో నిమిషంలో తెలుస్తుంది. నంబరే లేకుండా జీఎస్టీ వేస్తే ఆ డబ్బు ప్రభుత్వానికి చేరే దారి లేదు.

ఇక సర్వీస్ ఛార్జ్. ఇది పన్ను కాదు, హోటల్ తన కోసం వేసుకునేది. సాధారణంగా 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. సర్వీస్ ఛార్జ్‌ని దానంతటదే బిల్లులో కలపకూడదు. ఇంకో పేరు పెట్టి తీసుకోకూడదు. కట్టనంటే లోపలికి రానివ్వకపోవడం, వడ్డించకపోవడం కుదరదు. దాన్ని తిండి ధరలో కలిపి మొత్తం మీద జీఎస్టీ వెయ్యకూడదు. రెస్టారెంట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లడంతో అదే నెలలో అమలు ఆగింది. 2025 మార్చి 28న హైకోర్టు ఆ సంఘాల పిటిషన్లు కొట్టేసి, మార్గదర్శకాలు చెల్లుతాయని, సర్వీస్ ఛార్జ్ తప్పనిసరి చెయ్యడం చట్టవిరుద్ధమని తీర్పు ఇచ్చింది. సంఘాలు దాని మీద అప్పీలుకు వెళ్లాయి.

డబ్బు లెక్కలో ఇదెంత? తిన్నది రూ.2,000 అనుకోండి. 5 శాతం జీఎస్టీతో కట్టాల్సింది రూ.2,100. 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేస్తే 2,000కి 200 కలుస్తుంది, ఆ 2,200 మీద జీఎస్టీ 110 అవుతుంది, మొత్తం రూ.2,310. తేడా రూ.210. అందులో పది రూపాయలు సర్వీస్ ఛార్జ్ మీద పడ్డ పన్ను. చాలామంది గమనించనిది ఆ పదే.

హోటల్ యజమానుల వాదన వినదగ్గదే. టిప్పు వడ్డించినవాడి చేతికే పోతుంది, లోపల గిన్నెలు తోమేవాళ్లకు, పొయ్యి దగ్గర నిలబడేవాళ్లకు అందదు, సర్వీస్ ఛార్జ్ అయితే అందరికీ పంచవచ్చు అంటారు. అయితే ఎంత పంచారో తినేవాళ్లు తెలుసుకునే మార్గం లేదు. పనివాళ్ల జీతం పెంచాలంటే మెనూలో ధర పెంచవచ్చు. అప్పుడు జనం బల్ల దగ్గర కూర్చోకముందే చూసి నిర్ణయించుకుంటారు. మెనూలో తక్కువ ధర చూపించి, తిన్నాక పది శాతం కలపడమే కోపానికి మూలం.

బిల్లులో అది కనపడితే ముందు తీసేసి కొత్త బిల్లు ఇమ్మని అడగాలి. కొట్టివేతలున్న పాతది తీసుకోవద్దు, జీఎస్టీ మళ్లీ లెక్కకట్టిన కొత్తదే కావాలి. కాదంటే అక్కడే బిల్లును, మెనూలో సర్వీస్ ఛార్జ్ రాసి ఉన్న చోటును ఫొటో తీసి పెట్టుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనూ ఫిర్యాదు తీసుకుంటారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే కేసు వెయ్యవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో ఉన్నప్పుడు బల్ల దగ్గర గొడవ పడలేక చాలామంది కట్టేసి వస్తారు. అది తప్పు కాదు. బిల్లు చేతిలో ఉంటే ఫిర్యాదు ఇంటికెళ్లాక కూడా చెయ్యవచ్చు.

సర్వీస్ ఛార్జ్ తీసేయించినవాళ్లు టిప్పు ఇవ్వాలనుకుంటే నోట్ల రూపంలో చేతికివ్వడం మేలు. బిల్లుతో కలిపి యూపీఐలో కొట్టిన టిప్పు యజమాని ఖాతాకు పోతుంది, అక్కడి నుంచి ఎంత కదులుతుందో ఆ హోటల్ పద్ధతిని బట్టే.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఇదే బాధ ఇంకో రూపంలో ఉంది. కౌంటర్ దగ్గర బిర్యానీ పార్సిల్ తీసుకుంటున్నా తెర మన వైపు తిప్పి 18, 20, 25 శాతం గడులు చూపిస్తారు. బల్ల దగ్గర వడ్డించే చోట అక్కడ టిప్పుకు గట్టి కారణం ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు నేరుగా ఇస్తే చాలు, కనీస వేతనంలో మిగతాది టిప్పుల నుంచి రావాలి. టెక్సస్‌లో ఇప్పటికీ అంతే. కౌంటర్ పార్సిల్‌కు ఆ కారణం వర్తించడం తక్కువ. శాతం దేని మీద లెక్కిస్తున్నారో కూడా చూడాలి. 60 డాలర్ల భోజనానికి 8.25 శాతం పన్ను కలిస్తే 64.95. 20 శాతం టిప్పు భోజనం మీదైతే 12 డాలర్లు, పన్ను కూడా కలిసిన మొత్తం మీదైతే 12.99. బిల్లులో ముందే గ్రాట్యుటీ పేరుతో టిప్పు కలిపి ఉంటే మళ్లీ తెర మీద నొక్కనక్కర్లేదు. ఆరుగురికి మించి వెళ్లినప్పుడు ఇది తప్పక చూడాల్సిన వరస.

నీళ్ల సీసా సంగతి చిన్నదే కానీ అపోహ పెద్దది. సీసా మీద రూ.20 ఉంటే రెస్టారెంట్‌లో 60 తీసుకోవడం చట్టవిరుద్ధమని చాలామంది నమ్మకం. 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు దీనికి భిన్నంగా చెప్పింది. హోటల్లో కూర్చుని తాగేటప్పుడు అది వట్టి సరుకు అమ్మకం కాదు, కూర్చునే చోటు, వడ్డన కూడా కలిసిన సేవ కాబట్టి ఎమ్మార్పీ నిబంధన అడ్డురాదు అంది. అందుకే వాదన ధర మీద పెట్టుకుంటే నెగ్గడం కష్టం. మూత తియ్యకముందే మామూలు నీళ్లు తెమ్మనడం ఒక్కటే పనిచేసే ఉపాయం. అడక్కుండా మూత తీస్తే తాగకుండా వెనక్కి పంపే హక్కు ఉంది.

ఫోన్‌లో మెనూ

కరోనా రోజుల్లో ఒకరు ముట్టుకున్న మెనూ ఇంకొకరు ముట్టుకోకూడదని క్యూఆర్ కోడ్ వచ్చింది. ఆ భయం పోయినా కోడ్ పోలేదు. యజమానికి దానితో లాభాలు చాలా ఉన్నాయి. ధర మార్చినప్పుడల్లా అచ్చు వేయించక్కర్లేదు, అయిపోయిన కూరను తీసెయ్యవచ్చు, ఆర్డర్ నేరుగా వంటగదిలో ప్రింటవుతుంది, ఒక్క సప్లయర్ ఎక్కువ బల్లలు చూసుకోగలడు. ఆర్డర్ రాసుకునే పని తినేవాళ్ల వేళ్ల మీదికి వచ్చింది, ధర మాత్రం తగ్గలేదు.

అచ్చు మెనూలో ఒక్క పేజీ మీద నలభై వంటకాలు ఒకేసారి కంటికి కనపడతాయి. ఫోన్ తెర మీద ఐదారుకు మించి కనపడవు. పోల్చి చూసుకోవడం, నలుగురూ కలిసి ‘ఇది తీసుకుందామా, అది తీసుకుందామా’ అనుకోవడం పోతుంది. చత్వారం ఉన్న పెద్దవాళ్లు మనవడి ఫోన్ వైపు చూస్తూ కూర్చోవాలి. సెల్లార్‌లో ఉన్న రెస్టారెంట్లలో సిగ్నల్ ఉండదు.

పొరపాట్లు జరిగే చోట్లు కూడా ఇంచుమించు ఒకటే. ఇద్దరు వేర్వేరు ఫోన్లలో స్కాన్ చేస్తే కొన్ని యాప్‌లలో రెండు బుట్టలు తయారై ఒకే కూర రెండుసార్లు వస్తుంది. బల్లలు కలిపి వేసినప్పుడు పక్క బల్ల కోడ్ స్కాన్ చేస్తే ఆర్డర్ ఇంకొకరి బిల్లులోకి పోతుంది. ‘కారం తగ్గించండి, జీడిపప్పు వద్దు’ అని చిన్న గడిలో రాసింది వంటగది కాగితం మీద అచ్చవుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి ఒకే ఫోన్‌తో ఆర్డర్ చెయ్యాలి, పైన బల్ల నంబర్ సరిపోయిందో చూసుకోవాలి, పడని పదార్థాల సంగతి మనిషికి నోటితో చెప్పాలి, బిల్లు రాగానే వంటగదికి వెళ్లిన ఆర్డర్ చీటీల (కేఓటీల) లెక్కతో సరిచూడాలి. వేరుశనగ, రొయ్యలు పడనివాళ్లు ఆ మూడోదాన్ని అస్సలు వదలకూడదు.

మెనూ చూడటానికి ఫోన్ నంబర్, ఓటీపీ అడగడం ఇంకా చికాకు. బిల్లు వెయ్యడానికి మొబైల్ నంబర్ కావాలని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు సూచించింది. యాప్‌లో మనకు తెలియకుండా విరాళమో, టిప్పో ముందే టిక్ చేసి పెట్టడం కూడా, 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు గుర్తించిన 13 మోసపు ఎత్తుల్లో ఒకటి. బుట్టలోకి దొంగచాటుగా చేర్చడం అన్న తరగతి కిందికి వస్తుంది. డబ్బు కొట్టే ముందు తెర మీద మొత్తం అంకెను నొక్కి విడివిడి లెక్క చూస్తే అలాంటివి బయటపడతాయి.

అడిగితే అచ్చు మెనూ తెచ్చి ఇచ్చే హోటళ్లు చాలానే ఉన్నాయి. రెండూ అందుబాటులో ఉంచిన చోట క్యూఆర్ మీద ఎవరికీ కోపం లేదు. తిన్న ప్లేటు తియ్యకముందే ఐదు నక్షత్రాల రివ్యూ రాయమని పక్కన నిలబడే అలవాటుకు మాత్రం ఇటువంటి సమర్థన కూడా ఏదీ కనపడదు.

మాట వినపడని గదులు

కొత్త రెస్టారెంట్లలో హోరు ఎందుకు ఎక్కువ? పాటల శబ్దం ఒక్కటే కారణం కాదు. పదిహేనేళ్ల కిందటి ఏసీ రెస్టారెంట్లలో ఫాల్స్ సీలింగ్, మెత్తని సోఫాలు, పరదాలు, బల్ల గుడ్డలు ఉండేవి. అవి శబ్దాన్ని పీల్చుకునేవి. ఇప్పుడు చూడటానికి గోదాములా ఉండే డిజైన్ మోజు. పైన వట్టి కాంక్రీటు, కింద టైల్స్, గోడకు అద్దాలు, ఇనుప కుర్చీలు. ప్రతి ఉపరితలమూ శబ్దాన్ని తిప్పికొడుతుంది. తుడవడం తేలిక, ఖర్చు తక్కువ, ఫొటోలో అందం. మూల్యం చెవులది.

దాని మీద ఇంకొకటి తోడవుతుంది. చుట్టూ శబ్దం పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లాంబార్డ్ దీన్ని వివరించాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లతో మామూలుగా మాట్లాడే గొంతు మీటరు దూరంలో 60 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. గదిలో హోరే 75 దాటితే ప్రతి బల్లా అరవాలి. ఆ అరుపులు కలిసి హోరు ఇంకా పెరుగుతుంది, అది వినపడకుండా మేనేజర్ పాట పెంచుతాడు. డెసిబెల్స్ పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది కాబట్టి 75కీ 85కీ తేడా చిన్నది కాదు. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు ఇలాంటి గదిలో మాటలు విడివిడిగా తెలియవు, అంతా కలగలిసిపోతుంది.

వెళ్లేవాళ్ల చేతిలో ఉన్న ఉపాయాలు కొన్ని. గది మధ్య బల్ల కంటే మూల బల్ల, వీపు వెనక మెత్తటి ఆనుడు ఉన్న బల్ల మేలు. స్పీకర్ నుంచి దూరం రెట్టింపైతే ఆ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అయితే గోడలు శబ్దాన్ని ఎక్కువగా తిప్పికొట్టే గదిలో అంత తగ్గదు. శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు కాకుండా ఏడుకే వెళ్తే సగం బల్లలు ఖాళీ. పాట తగ్గించమని అడగడానికి మొహమాటపడొద్దు. మాటలు అరుపుల స్థాయికి చేరకముందే అడిగితేనే ఫలితం ఉంటుంది.

పొగ, కుండ, వెదురు

బల్ల మీద తమాషాల్లో ప్రమాదమైనదీ, నిరపాయమైనదీ ఒకే వరసలో వస్తున్నాయి. వాటిని విడదీసి చూడటం అవసరం.

నిప్పు మీద నెయ్యి వేసి, మూత పెట్టి, కూరకు పట్టించే పొగ పాత వంట పద్ధతి. దానితో ఇబ్బంది లేదు. తెల్లగా కిందికి జారే చల్లని పొగ వేరు. అది డ్రై ఐస్ నుంచో ద్రవ నత్రజని నుంచో వస్తుంది. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78.5 డిగ్రీలు. ద్రవ నత్రజని మైనస్ 196 దగ్గర మరుగుతుంది, ఒక లీటరు ద్రవం సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. మింగితే రెండు దెబ్బలు. తాకిన చోట కణజాలం గడ్డకట్టి కాలుతుంది, కడుపులో ఉబ్బిన వాయువుకు జీర్ణాశయం చిల్లు పడవచ్చు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక కేఫ్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆస్పత్రి పాలయ్యారు. తర్వాతి నెలలో కర్ణాటకలోని దావణగెరెలో స్మోక్ బిస్కెట్ తిన్న పిల్లవాడు విలవిల్లాడిన వీడియో బయటికొచ్చింది. తమిళనాడు ఆహార భద్రత శాఖ హెచ్చరికలు జారీ చేసింది, కర్ణాటక మేలో తిండితో కలిపి ద్రవ నత్రజని వాడటాన్ని నిషేధించింది.

పెళ్లిలో గానీ, హోటల్లో గానీ అలాంటిది వస్తే పొగ పూర్తిగా ఆగి, అడుగున ద్రవం గానీ తెల్లని ముక్క గానీ లేదని చూశాకే ముట్టాలి. పిల్లల చేతికి అస్సలు ఇవ్వొద్దు. వాళ్లు పొగ ఊదాలన్న సరదాతో వెంటనే నోట్లో పెట్టుకుంటారు, పొగ వస్తోందంటేనే అది ఇంకా మరుగుతోందని అర్థం. మింగేస్తే వాంతి చేయించకుండా తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కుండ బిర్యానీ, బొంగు బిర్యానీలతో ప్రాణానికి ముప్పు లేదు. చిక్కు నమ్మకం దగ్గరే. హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో నానబెట్టిన పచ్చి మాంసం అడుగున, ముప్పాతిక ఉడికిన బియ్యం పైన వేసి, మూతకు పిండి అంటించి, ముప్పావుగంట నుంచి గంట దాకా దమ్ మీద ఉంచాలి. ఆర్డర్ ఇచ్చిన పన్నెండు నిమిషాల్లో వచ్చిన కుండ ఆ కుండలో దమ్ అయింది కాదు. పెద్ద దేగ్చాలో వండినదాన్ని చిన్న కుండలోకి ఎత్తి వేడి చేశారు. నిజంగా అందులోనే వండితే మూత అంచున ఎండిన పిండి, అడుగున అంటుకున్న మెతుకులు, కుండ కింద మసి ఉంటాయి. అరకు బొంగు చికెన్‌కు పచ్చి వెదురు కావాలి. మసాలా పట్టించిన కోడిని బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి, నూనె లేకుండా నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. వెదురులోని తడే మాంసాన్ని ఉడికిస్తుంది. ఎండిపోయిన పాత బొంగులో ఆ తడి లేదు, అది వట్టి గిన్నె. ఎత్తి పోసిన బిర్యానీ కూడా రుచిగా ఉండవచ్చు. కుండకు వేసిన అదనపు ధర వంటకా, వేషానికా అని అడిగే హక్కు మాత్రం తినేవాళ్లకు ఉంది.

నాటుకోడి విషయంలోనూ ఇదే వస్తోంది. బ్రాయిలర్ 35 నుంచి 42 రోజుల్లో కోతకు వస్తుంది, ఇరవై నిమిషాలు దాటి ఉడికిస్తే విడిపోతుంది. నాటుకోడికి గంట పడుతుంది, ప్రెషర్ కుక్కర్ లేకపోతే ఇంకా ఎక్కువ. ముక్క చిన్నది, మాంసం ముదురు రంగు, ఎముక గట్టిది, కాల్చి పసుపు రాసిన తోలు ముక్కకు అంటుకునే ఉంటుంది. ఎముక చిటుక్కున విరిగి, తోలు లేని తెల్లటి పెద్ద ముక్కలు పులుసులో తేలుతుంటే ధర గురించి అడగండి.

మందీ పళ్లెం, పక్కన మయోనీస్

అన్నం మీద మాంసం పెట్టి వడ్డించే మందీ యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు వంటకం. నిజాం సైన్యంలో పనిచేసిన అరబ్బుల వారసులుండే హైదరాబాద్‌లోని బార్కస్ నుంచి నగరమంతటికీ, అక్కడి నుంచి జిల్లా కేంద్రాలకు పాకింది. దీన్ని జనం ఎందుకు మెచ్చారో తేలికగా అర్థమవుతుంది. ఒకే పళ్లెం చుట్టూ నలుగురు కూర్చుని తినడం ఇష్టం, ఇద్దరికి ఇంత, నలుగురికి ఇంత అని తలసరి ఖర్చు ముందే తెలుస్తుంది, మసాలా ఘాటు తక్కువ కాబట్టి పిల్లలూ తింటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింద కూర్చోవడమే కష్టం. ఫోన్‌లో బల్ల చెప్పేటప్పుడే కుర్చీలున్న వరస అడిగితే చాలా చోట్ల ఇస్తారు.

దీని పక్కన వచ్చే మయోనీస్ గురించి కాస్త జాగ్రత్త. పచ్చి గుడ్డు సొన, నూనె, కాస్త పులుపు కలిపి గిలక్కొడితే అయ్యేది అది. ఎక్కడా పొయ్యి ఎక్కదు కాబట్టి గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే చావదు. పొద్దున చేసి రాత్రి దాకా కౌంటర్ మీద ఉంచితే పెరుగుతుంది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి సూక్ష్మజీవులకు అనుకూలం, మన ఎండాకాలపు వంటగది సరిగ్గా అక్కడే ఉంటుంది. హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయాక 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు పచ్చి గుడ్డు మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం నిషేధించింది. గుడ్డు లేకుండా పాలతోనో, సోయాతోనో చేసేది దొరుకుతుంది. ఏది వాడుతున్నారో అడగండి. చల్లగా లేని మయోనీస్‌ను పక్కన పెట్టండి, పార్సిల్‌లో వచ్చినదాన్ని మర్నాటికి దాచొద్దు.

జనం నిజంగా కోరేవి

అద్దాల వంటగది మీద ఇష్టం ఊరికే రాలేదు. 2024 వేసవిలో తెలంగాణ ఆహార భద్రత అధికారులు హోటళ్లను తనిఖీ చేసి, కనపడిన లోపాలను ఫొటోలతో సహా బయటపెట్టారు. గడువు దాటిన సరుకు, మూతల్లేని గిన్నెలు, లేబుల్ లేని ఫ్రిజ్ డబ్బాలు అందరూ చూశారు. అప్పటి నుంచి వంటగది కనపడటం చాలామందికి రుచితో సమానమైన కారణమైంది. అద్దం ఉన్నంత మాత్రాన సరిపోదు. ముందు కనపడేది దోశె పెనం, తందూర్. కూరగాయలు తరిగేది, మాంసం నానబెట్టేది, గిన్నెలు కడిగేది వెనక. చూడాల్సినవి చిన్నవి: పచ్చి మాంసం ముట్టుకున్న చేత్తోనే వండినదాన్ని ముట్టుకుంటున్నారా, తుడిచే గుడ్డ ఒకటేనా, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబర్ గోడ మీద, బిల్లు మీద ఉందా.

ప్రాంతపు వంటలు మెనూలో నిలబడటం ఈ దశాబ్దంలో వచ్చిన మంచి మార్పు. ఒకప్పుడు నగరంలో కుటుంబంతో వెళ్తే బటర్ నాన్, పనీర్, మంచూరియా దాటి ఉండేది కాదు. ఇప్పుడు జొన్న రొట్టె, తలకాయ కూర, బొమ్మిడాయిల పులుసు, సర్వపిండి అడిగి తింటున్నారు. ఇవి నిలబడ్డ హోటళ్లలో ఒక పోలిక కనపడుతుంది, మెనూ చిన్నది. రోజూ నాలుగు కూరలే వండితే ఆ రోజు సరుకు ఆ రోజే అయిపోతుంది. నూట యాభై వంటకాల మెనూ ఉందంటే మూడు నాలుగు రకాల గ్రేవీలు ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోక తప్పదు. అన్ని కూరల్లోనూ ఒకే రుచి వస్తోందన్న ఫిర్యాదు అక్కడ పుడుతుంది.

ఇంకా తీరని కోరిక ఒకటి ఉంది, ఎంత వస్తుందో ముందే తెలియడం. సింగిల్, ఫుల్, ఫ్యామిలీ ప్యాక్, జంబో ప్యాక్ అన్న పేర్లకు కొలత లేదు. ఒక చోట ఫుల్ ఇద్దరికి సరిపోతే ఇంకో చోట ఒకరికే చాలదు. వంద గ్రాముల బాస్మతి ఉడికితే సుమారు మూడు వందల గ్రాముల అన్నమవుతుంది కాబట్టి, ప్యాక్ పెద్దదిగా చూపించాలంటే అన్నం పెంచడమే చవక, ముక్కలు మాత్రం అలాగే ఉంటాయి. ఇద్దరే వెళ్లినప్పుడు మూడు రుచులు చూడాలన్నా హాఫ్ ప్లేట్ ఉండదు, ఉంటే దాని ధర ఫుల్‌లో ముప్పాతిక. పది చోట్ల గానీ అంతకు మించి గానీ శాఖలున్న హోటళ్లు ప్రతి వంటకం పక్కనా ఒక్కో వడ్డనకు ఎన్ని కేలరీలో, ఆ వడ్డన పరిమాణం ఎంతో చూపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. జనం కేలరీల కోసం చూడకపోయినా పరిమాణం కోసం ఆ అంకె చూడటం లాభం. ఒక్కటే ఉన్న చిన్న హోటల్‌కు ఆ నిబంధన లేదు, అడిగి తెలుసుకోవాలి. ఫ్యామిలీ ప్యాక్ ఎంతమందికి వస్తుందని అడిగితే వచ్చే జవాబు అమ్మేవాడి అంచనా. ముక్కలెన్ని, ఎక్స్‌ట్రా రైస్ ఎంత, సాలన్, పెరుగు చట్నీ ఎన్ని కప్పులు అని అడిగితే లెక్క వస్తుంది. బఫేకి ఫోన్ చేసినప్పుడు కూడా అంతే: చెప్పిన ధరలో జీఎస్టీ కలిసిందా, కూర్చోవడానికి గంటన్నర గడువేమైనా ఉందా, ఏ వయసు దాకా పిల్లలకు సగం ధర, నీళ్లు అందులోవేనా.